ఎర్రజొన్న చేను, చివరి గుడిసె

యాప్రాల్‌లో మా అపార్టుమెంటు సెల్లార్‌లో, లిఫ్టు పక్కన ఓ చెక్క అల్మరా ఉంది. బదిలీ మీద వెళ్లిపోయేవాళ్లూ, ఇల్లు సర్దుకునే పెన్షనర్లూ చదివేసిన పుస్తకాలు అందులో పెట్టిపోతుంటారు. కావాల్సినవాళ్లు తీసుకోవచ్చు. చుట్టుపక్కలంతా మిలిటరీవాళ్లే కాబట్టి యుద్ధ జ్ఞాపకాలకు కరువుండదు. అగాథా క్రిస్టీలు అడపాదడపా దొరుకుతాయి. మొన్నో ఆదివారం పొద్దున ఆ అల్మరా ముందు, సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరైన శ్రీకాకుళం బాబాయ్ ఒక పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. అట్ట మీద ఎర్రటి చేను. ‘రెడ్ సోర్గమ్’, అంటే ఎర్రజొన్న. రచయిత మో యాన్.

"ఏటి బావూ ఇది? చైనావోడి బుక్కా? మన సెల్లార్లోనా?"

"ఆయనా సిపాయే బాబాయ్."

"ఏ రెజిమెంటు?"

"అది తెలీదు గానీ 1976లో చేరాడు. ఊళ్లో తిండికి లేక చేరానని ఆయనే చెప్పుకున్నాడు."

బాబాయ్ పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. "మరి మేవెందుకెల్లినావనుకున్నావు?" అన్నాడు లిఫ్టు బటన్ నొక్కుతూ.

లద్దాఖ్‌లోనూ తవాంగ్‌లోనూ చలికి గడ్డకట్టి కాపలా కాసినవాళ్లు మా కాలనీల్లో చాలామంది ఉన్నారు. 2020 జూన్‌లో గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు అమరుడయ్యాక ఇక్కడ చైనా మాటెత్తితే ముఖాలు బిగుసుకుంటాయి. అలాంటి చోట ఒక చైనా నవల అల్మరాలోకి రావడం, దాన్ని ఒక మాజీ సైనికుడు ఇంటికి పట్టుకెళ్లడం నాకు భలే అనిపించింది. పైగా అక్టోబరు నెల. నోబెల్ సాహిత్య బహుమతి ప్రకటించే రోజులు. 2024లో కొరియా రచయిత్రి హాన్ కాంగ్‌కి వచ్చినప్పటి నుంచీ ‘ఆసియాకి మళ్లీ ఎప్పుడు’ అన్న ముచ్చట ఆగలేదు. చైనా రచయిత్రి త్సాన్ షుయే పేరు పందేలవాళ్ల జాబితాల్లో ముందువరుసలో కనిపిస్తూ ఉంటుంది. మనవాళ్లు మాత్రం ఏటా ఒకటే ప్రశ్న వేసుకుని ఊరుకుంటారు: తెలుగులో అలాంటి నవలాకారుడు ఎవరున్నారు?

ఉన్నాడు. మా యాప్రాల్‌కి దగ్గర్లోని బొల్లారం స్టేషన్లో నిజామాబాద్ వైపు వెళ్లే రైలెక్కితే మేడ్చల్, కామారెడ్డి దాటాక డిచ్‌పల్లి వస్తుంది. ఆ ఊళ్లోని కుష్ఠు ఆసుపత్రిలో సుమారు మూడు దశాబ్దాలు రోగుల పుండ్లు కడుగుతూ, తెలుగులో అంతకుముందు లేని నవలలు రాసిన మనిషి డాక్టర్ కేశవరెడ్డి. ఆయన్ని, మో యాన్‌ని పక్కపక్కన పెట్టి చదివితే ఆ ప్రశ్నకి జవాబు కొంత దొరుకుతుంది. ఒకరు ప్రపంచమంతా ఎలా తిరిగారో, ఇంకొకరు డిచ్‌పల్లి దాటి ఎందుకు పోలేదో కూడా.

బొగ్గు నమిలిన పిల్లలు

మో యాన్ అసలు పేరు గువాన్ మోయె. 1955లో షాన్‌డాంగ్ రాష్ట్రంలోని గావోమిలో రైతు కుటుంబంలో పుట్టాడు. ఆయన ఐదారేళ్లవాడయ్యేసరికి చైనాను మహా కరువు పట్టింది. ఆ రోజుల్లో బడికి ఒక బండెడు బొగ్గు వస్తే పిల్లలు ముక్కలు విరుచుకుని కరకరా నమిలారని, రుచిగానే అనిపించిందని తర్వాత ఒక ప్రసంగంలో చెప్పాడు. సాంస్కృతిక విప్లవం రాగానే చదువు ఐదో తరగతిలో ఆగిపోయింది. పశువులు కాశాడు, పొలం పనులు చేశాడు, పత్తి మిల్లులో కుదిరాడు. రచయిత కావాలన్న కోరిక ఎలా పుట్టిందో కూడా ఆయనే సరదాగా చెబుతాడు. పట్నంలో ఒక రచయిత రోజుకి మూడు పూటలా జియావోజీలు తింటాడని ఊళ్లో ఎవరో చెప్పారట. మాంసం కూరిన కుడుములు, మూడు పూటలా! అంతకన్నా గొప్ప ఉద్యోగం ఏముంటుంది?

సైన్యంలో చేరాక కడుపు నిండింది. యూనిట్ లైబ్రరీ చేతికందింది. 1981లో తొలి కథ అచ్చయింది, 1984లో సైన్యం నడిపే కళా విద్యాలయంలో సీటు వచ్చింది. రెండేళ్లకే ‘రెడ్ సోర్గమ్’. జపాన్ దండయాత్ర కాలంలో గావోమి జొన్నచేలల్లో ఒక బందిపోటు, పల్లకీలో వచ్చిన పెళ్లికూతురు, సారా బట్టీ, తుపాకులు. మనవడు చెబుతున్న తాతా నాయనమ్మల కథ. జాంగ్ యీమో దాన్ని సినిమాగా తీస్తే 1988లో బెర్లిన్‌లో ఉత్తమ చిత్రంగా గోల్డెన్ బేర్ గెలిచింది. నవల కన్నా ముందు సినిమా ప్రపంచం చుట్టింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

■ మో యాన్: కొన్ని మజిలీలు

కలం పేరు: ‘మాట్లాడకు’ అని అర్థం. చిన్నప్పుడు వదరుబోతు, వాళ్లమ్మ భయపడుతూ ఉండేదట.
ఉద్యోగం: 1997 దాకా సైన్యంలో, ఆ తర్వాత ప్రాసిక్యూషన్ విభాగం పత్రికలో.
‘లైఫ్ అండ్ డెత్ ఆర్ వేరింగ్ మీ అవుట్’ (2006): భూసంస్కరణల్లో కాల్చి చంపిన భూస్వామి గాడిదగా, ఎద్దుగా, పందిగా, కుక్కగా, కోతిగా పుడుతూ ఊరి యాభై ఏళ్ల చరిత్ర చూస్తాడు. అంత లావు పుస్తకాన్ని కుంచెతో 43 రోజుల్లో రాశాడు.
‘ఫ్రాగ్’ (2009): పురుళ్లు పోసిన చేతులతోనే ఒక్క బిడ్డ చట్టం కింద గర్భాలు తీసేసిన మంత్రసాని కథ. ఆధారం ఆయన సొంత మేనత్త. 2011లో మావో దున్ పురస్కారం.
నోబెల్: 2012 అక్టోబరు 11న ప్రకటించారు.

తలపులపల్లె నుంచి డిచ్‌పల్లికి

కేశవరెడ్డి 1946లో చిత్తూరు జిల్లా తలపులపల్లెలో పుట్టాడు. ఆయనది ఆకలి కథ కాదు, చదువు కథ. పాండిచ్చేరి జిప్‌మర్‌లో ఎంబీబీఎస్ చేశాడు. ఆ తర్వాత పట్నంలో బోర్డు పెట్టుకోకుండా, ఎక్కడో ఉత్తర తెలంగాణలో, కుష్ఠు రోగుల మధ్య కుదురుకున్నాడు. 1970లు, 80ల్లో కుష్ఠు డాక్టరంటే పెళ్లి సంబంధాల దగ్గర కూడా నసిగే రోజులు.

ఆ డిచ్‌పల్లి ఆసుపత్రికి వేరే చరిత్ర ఉంది. మెథడిస్టు మిషనరీలుగా నిజాం రాజ్యానికి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో దాన్ని మొదలుపెట్టారు. రాజా నర్సాగౌడ్ విరాళమిచ్చాడు. అప్పట్లో మందు అంటే చాల్‌మోగ్రా గింజల నూనె. చిక్కటి నూనెని కండలోకి సూదితో ఎక్కించేవారు, వారాల తరబడి, నెలల తరబడి. సూది పొడిచిన చోట గడ్డలు కట్టేవి. అయినా ఎక్కడెక్కడి నుంచో నడిచొచ్చేవారు. ఊరు వెళ్లగొట్టినవాళ్లకి అక్కడ మంచంతోపాటు పని కూడా ఉండేది, రోగులే పంటలు పండించేవారు. 1980ల్లో బహుళ ఔషధ చికిత్స వచ్చాకే కుష్ఠు నెలల్లో నయమయ్యే జబ్బయింది. పాత భయమూ కొత్త మందూ ఎదురుపడ్డ ఆ కాలమంతా కేశవరెడ్డి ఆసుపత్రిలోనే ఉన్నాడు.

ఒక్క విషయం నాకు ఎప్పుడూ విచిత్రంగానే ఉంటుంది. జీవితంలో సగం నిజామాబాద్ జిల్లాలో గడిపిన మనిషి నవల రాయడానికి కూర్చుంటే చిత్తూరు మెట్ట పొలాలకే వెళ్లేవాడు. ఆ చెరువులు, ఆ గుట్టలు, ఆ యాస. మో యాన్ కూడా అంతే. బీజింగ్‌లో కాపురం, కథలన్నీ గావోమిలో. ఊరిని వదిలితేనే ఊరు దొరుకుతుందని సాహిత్య విమర్శకులు చెప్పే మాట ఉంది గానీ, నాకు అది సగమే నమ్మకం. కేశవరెడ్డి రోజూ చూసిన రోగులు ఎవరు? ఊరి నుంచి గెంటేయబడినవాళ్లు. ఆయన నవలల్లో హీరోలు ఎవరు? పందులు కాచుకునే ముసలివాడు, ఊరవతల యానాది, భూమి పోయిన రైతు. డిచ్‌పల్లి ఆ నవలల్లో పేరుకి కనిపించదు, కానీ ఊరి చివర బతికే మనిషిని అంత దగ్గరగా చూసే కన్ను ఆయనకి అవుట్‌పేషెంట్ గదిలోనే వచ్చిందని నా అనుమానం.

ఒక ముసలివాడు, ఒక పంది, ఒక రాత్రి

‘అతడు అడవిని జయించాడు’ 1984లో వచ్చింది. వంద చిల్లర పేజీల నవల. కథ చెప్పాలంటే రెండు వాక్యాలు చాలు. పొద్దుగూకే వేళకి మందలో ఒక సూడి పంది కనిపించదు. పందులు మేపుకునే ముసలివాడు ఈటె పట్టుకుని అడవిలోకి వెళతాడు.

మిగతాదంతా ఆ రాత్రి. పంది పొదలో ఈనింది. పిల్లల దగ్గరకి ఎవరినీ రానివ్వదు, తనను పెంచినవాణ్ని కూడా. చుట్టూ వాసన పట్టిన జంతువులు. ముసలివాడికి పంది భాష తెలుసు, గాలి ఎటు వీస్తోందో తెలుసు, చెట్టు మీద ఎంతసేపు కూర్చోవాలో తెలుసు. ఈనిన పంది తిరగబడితే ఏమవుతుందో కూడా తెలుసు. కాపాడటానికి వెళ్లిన చేత్తోనే దాన్ని పొడవాల్సి వస్తుంది. ఆ తర్వాత పిల్లల్ని ఇల్లు చేర్చాలి. తెల్లారేసరికి అతని చేతిలో ఏం మిగులుతుందో చెప్పను. పుస్తకం పేరులోని గెలుపుని ఎలా అర్థం చేసుకోవాలో చదివినవాళ్లు వాదించుకుంటూనే ఉంటారు.

హెమింగ్వే ముసలి జాలరితో దీన్ని పోల్చడం ఆనవాయితీ. పోలిక తప్పేం కాదు, కేశవరెడ్డి ఇంగ్లిషు నవలలు బాగా చదువుకున్న మనిషి. కానీ హెమింగ్వే జాలరికి ఒక పేరుంది, బేస్‌బాల్ కబుర్లున్నాయి. మన ముసలివాడికి నవలలో పేరు కూడా లేదు. పందులు కాచేవాణ్ని ఇతిహాస వీరుడిలా నిలబెట్టడానికి కేశవరెడ్డి చేసిన పని భాషలో ఉంది. కథనం గంభీరంగా, దాదాపు పురాణ ధోరణిలో నడుస్తుంది. మాటలు మాత్రం అచ్చం చిత్తూరు పల్లెవి. ఆ రెండూ ఒకే పేజీలో పక్కపక్కన కూర్చోవడం మొదట్లో కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది. పది పేజీలు దాటాక ఇంకోలా రాయడం కుదరదనిపిస్తుంది.

‘మూగవాని పిల్లనగ్రోవి’ (1993) దీనికి తోబుట్టువు. ఒంటిల్లు అనే పల్లెలో బక్కిరెడ్డి అప్పు కింద భూమి పోగొట్టుకుంటాడు. భూమి లేకుండా ఎలా బతకాలో అతనికి తెలీదు. పోయాడు. అక్కడితో వేరే రచయిత అయితే నవల ముగించేవాడు. ఇక్కడ అసలు కథ అప్పుడే లేస్తుంది. చచ్చిన బక్కిరెడ్డి చుట్టూ ఊరు కథలల్లుతుంది, అతను క్రమంగా ఒక గాథ అవుతాడు. రైతు ఆత్మహత్య అన్న మాట పేపర్ల మొదటి పేజీకి ఎక్కకముందు రాసిన నవల ఇది. ఇప్పుడు చదివితే ముందే రాసిపెట్టిన వార్తలా ఉంటుంది.

యానాదుల మీద ‘చివరి గుడిసె’ (1996), వైద్య విద్యార్థి బుర్రలోని అలజడిని చైతన్య స్రవంతిలో పట్టుకున్న ‘సిటీ బ్యూటిఫుల్’ (1982), ఇంకా ‘ఇన్‌క్రెడిబుల్ గాడెస్’, ‘స్మశానం దున్నేరు’, ‘రాముడుండాడు రాజ్జిముండాది’ ఉన్నాయి. అన్నీ ఒక్క ఎత్తులో లేవు. తొలినాళ్లవాటిలో కోపం ముందు నడుస్తుంది, మనుషులు వెనక పరుగెడతారు. చివరి నవల ‘మునెమ్మ’ (2008) నాకు బాగా ఇష్టం. భర్త ఎద్దుని అమ్మడానికి సంతకి వెళ్లాడు. ఎద్దు తిరిగొచ్చింది, మనిషి రాలేదు. పల్లెటూరి ఆడది ఆ బొల్లిగిత్తను వెంటబెట్టుకుని భర్త జాడ వెతకడానికి బయల్దేరుతుంది. మునెమ్మకూ ఆ గిత్తకూ మధ్య ఉన్న బంధాన్ని రచయిత చెప్పిన తీరు చదువరుల్ని రెండుగా చీల్చింది. కొందరికి ఎబ్బెట్టు, కొందరికి అద్భుతం. మో యాన్ గాడిదలూ పందులూ చదివినవాళ్లకి పెద్ద ఇబ్బంది ఉండదు.

వెల్లుల్లి, ఎర్రజొన్న

జాతీయ రహదారి మీద డిచ్‌పల్లి దాటి ఇంకొంచెం పైకెళితే ఆర్మూరు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో చలికాలంలో కనుచూపు మేర ఎర్రజొన్న. మనం రొట్టె చేసుకునే జొన్న కాదు. పశుగ్రాసం విత్తనంగా ఉత్తరాదికి వెళుతుంది. అంటే పండించిన రైతు తినలేడు, ఇక్కడి బజార్లో అమ్మలేడు, కొనే వ్యాపారి చెప్పిందే ధర. 2008 జూన్‌లో బకాయిల కోసం ఆర్మూరులో రైతులు రోడ్డెక్కారు, గొడవ పోలీసు కాల్పుల దాకా పోయింది. ఆ బాకీలు ప్రభుత్వం తీర్చేసరికి 2014 అయింది. 2019 ఫిబ్రవరిలో ఎర్రజొన్న, పసుపు రైతులు మళ్లీ హైవే మీద కూర్చున్నారు. ధర రాకపోయేసరికి లోక్‌సభ ఎన్నికల్లో మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. నిజామాబాద్‌లో మొత్తం 185 మంది అభ్యర్థులు. ఒక్కో పోలింగ్ బూత్‌లో 12 ఓటింగ్ యంత్రాలు పెట్టాల్సి వచ్చింది.

మో యాన్‌కి ఇలాంటిదే 1987లో ఎదురైంది. షాన్‌డాంగ్‌లోని త్సాంగ్‌షాన్‌లో అధికారులు వెల్లుల్లి వెయ్యమన్నారు, రైతులు వేశారు, పంట వచ్చాక గోదాములు నిండాయని చేతులెత్తేశారు. కుళ్లిపోతున్న వెల్లుల్లి బళ్లతో రైతులు ఆఫీసు మీద పడ్డారు. పేపర్లో ఆ వార్త చూసి, చేతిలో ఉన్న పని పక్కనపెట్టి, నెల పైచిలుకులో ‘ద గార్లిక్ బాలడ్స్’ రాసేశాడు. 1988లో పుస్తకం వచ్చింది. అధికారులకి అది రుచించలేదని వేరే చెప్పాలా?

ఎర్రజొన్న రైతు మీద అంత వేడిగా, అంత త్వరగా వచ్చిన నవల కోసం నేను ఇంకా ఎదురుచూస్తున్నాను. కేశవరెడ్డి ఆ పక్కనే ఉండి ఎందుకు రాయలేదని అడగాలనిపిస్తుంది గానీ, అది అన్యాయం. ఆయన రైతు గురించి రాయాల్సింది బక్కిరెడ్డితోనే రాసేశాడు.

ఎవరి నీడ ఎవరికి

మో యాన్ మీద విమర్శ చిన్నదేం కాదు. ఆయన చైనా రచయితల సంఘానికి ఉపాధ్యక్షుడు, పార్టీ సభ్యుడు. సాహిత్యం ఎలా ఉండాలో మావో 1942లో యెనాన్‌లో ఇచ్చిన ప్రసంగాలను, నోబెల్ వచ్చిన ఏడాదే ఒక స్మారక సంచిక కోసం చేత్తో నకలు రాసిచ్చినవాళ్లలో ఆయనా ఉన్నాడు. రచయితలు హెర్టా ముల్లర్, సల్మాన్ రష్దీ ఘాటుగా దుయ్యబట్టారు. ఇటు చూస్తే 2024లో ఒక ‘దేశభక్త’ బ్లాగరు, మో యాన్ అమరవీరుల్ని కించపరిచాడంటూ కోర్టుకెక్కాడు. నష్టపరిహారం దేశంలో తలకి ఒక యువాన్ చొప్పున 150 కోట్ల యువాన్లు. బయటివాళ్లకి సర్కారు మనిషి, లోపలివాళ్లకి ద్రోహి. నవలల్లో మాత్రం పార్టీ కార్యదర్శుల్ని ఆయన వదిలిపెట్టింది లేదు.

కేశవరెడ్డికి ఆ బాధ లేదు. ఏ సంఘం మొహమాటమూ లేకుండా, జీతం ఆసుపత్రిలో తీసుకుంటూ, తనకి తోచింది రాసుకున్నాడు. చైనాలోనే యూ హువా అయిదేళ్లు పళ్లు పీకి, ఆ పని మీద విసుగుపుట్టి రచయితయ్యాడు. కేశవరెడ్డి మందుల చీటీని, నవలని రెండింటినీ చివరి దాకా వదల్లేదు. ఆ స్వేచ్ఛకి ఒక ఖరీదుంది. వెనక ఎవరూ లేరు. కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం ఆయన తలుపు తట్టలేదు.

■ నోబెల్ తర్వాత గావోమి

బహుమతి ప్రకటించగానే మో యాన్ పాత ఇంటికి జనం పోటెత్తారు. పిల్లలకి ఆయన తెలివితేటలు అబ్బుతాయని పెరట్లో ముల్లంగి పీక్కుపోయారు. స్థానిక అధికారులు 67 కోట్ల యువాన్లతో పర్యాటక కేంద్రం కడతామన్నారు. అందులో భాగంగా గిట్టుబాటు లేక రైతులు మానేసిన ఎర్రజొన్నను డబ్బిచ్చి మరీ వేయిస్తామన్నారు. అసలు 1987లో సినిమా తీయడానికే అక్కడ జొన్నచేను లేక యూనిట్‌వాళ్లు విత్తనాలు చల్లించుకోవాల్సి వచ్చింది.

ఆరేళ్లు, ఇరవై ఏళ్లు

ఇంత తేడా ఎక్కడ వచ్చింది? ప్రతిభలో అంటే నేను ఒప్పుకోను. ‘అతడు అడవిని జయించాడు’ పక్కన పెట్టుకుని చదివితే మో యాన్‌ది చాలాచోట్ల వదులు రచన. వద్దనుకున్నది కోసెయ్యడం ఆయనకి చేతకాదు, కేశవరెడ్డికి వచ్చిన మొదటి విద్య అదే.

తేడా అనువాదంలో వచ్చింది. బెర్లిన్‌లో సినిమా గెలిచాక ‘రెడ్ సోర్గమ్’ కోసం బయటి ప్రచురణకర్తలు వెతుక్కుంటూ వచ్చారు. అమెరికాలో చైనీస్ బోధించే హోవర్డ్ గోల్డ్‌బ్లాట్ దాన్ని ఇంగ్లిషు చేశాడు. పుస్తకంగా వచ్చింది 1987లో చైనాలో, 1993లో అమెరికాలో. ఆరేళ్లు. ఆ తర్వాత గోల్డ్‌బ్లాట్ వదల్లేదు, దశాబ్దాల తరబడి ఒకే రచయిత నవలలు వరసగా చేసుకుంటూ పోయాడు. స్వీడిష్‌లోకి ఆన్నా గుస్తాఫ్‌సన్ చెన్ చేసింది. బహుమతి ఇచ్చేవాళ్లు సొంత భాషలో చదువుకున్నారు.

మన దగ్గర నేషనల్ బుక్ ట్రస్ట్ ‘అతడు అడవిని జయించాడు’ను భారతీయ భాషల్లోకి తెచ్చి మంచి పని చేసింది. ‘మూగవాని పిల్లనగ్రోవి’ని డి.వి. సుభాషశ్రీ ఇంగ్లిషు చేస్తే ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 2013లో వేసింది. తెలుగులో వచ్చిన ఇరవై ఏళ్లకి. అప్పటికి రచయిత వయసు 67. రెండేళ్లు తిరక్కుండానే, 2015 ఫిబ్రవరి 13న కేశవరెడ్డి నిజామాబాద్‌లో కన్నుమూశాడు.

ఒక నవలని సరిగ్గా ఇంగ్లిషు చెయ్యాలంటే ఏడాది పని. చిత్తూరు యాస తెలిసి, పందులకీ పొలానికీ సంబంధించిన మాటలు తెలిసి, పైగా ఇంగ్లిషులో నవల రాయగలిగినంత చెయ్యి తిరిగినవాళ్లు కావాలి. అలాంటివాళ్లు మనలో లేకపోలేదు. ఆ ఏడాదికి వాళ్ల ఇంటి అద్దె ఎవరు కడతారన్నదే మొన్నటిదాకా ఎవరూ అడగని ప్రశ్న. తమిళనాడు ప్రభుత్వం ఆ ప్రశ్న అడిగింది, చెన్నైలో అంతర్జాతీయ పుస్తక ప్రదర్శన పెట్టి తమిళ పుస్తకాల అనువాదానికి గ్రాంట్లు ఇస్తోంది. ‘చివరి గుడిసె’ లాంటివి తెలుగులో ఎప్పటి నుంచో అలమరాల్లో ఉన్నాయి. రెండు తెలుగు ప్రభుత్వాల్లో ఎవరు ముందు చెక్కు రాసినా సరే.